కృష్ణ యొడ్డున తెడ్డు విద్య

మా కందుకూరు హైదరాబాదునకు దక్షిణమున, శ్రీశైలము పోవు బాటమీద నున్నది. నది లేని యూరు. మూసీ ఉత్తరమున దూరముగా నున్నది. కృష్ణ దక్షిణమున అంతకంటెను దూరముగా నున్నది. మాకు నీరనగా బావి, చెరువు, వానకాలమున నాలుగు దినములు పారు వాగు మాత్రమే. 2008వ సంవత్సరమున శంషాబాదులో విమానాశ్రయము తెరవబడినది మొదలు మా మిద్దెలమీదుగా రేయింబవళ్లు విమానములు పోవుచున్నవి. ఆకాశమున పోవు ఓడలను చూచి చూచి మాకు వింత తీరినది గాని, నీటిమీద పోవు చిన్న దోనెనైనను ఎక్కి యెరిగిన ఆడువారు మా యూర మిక్కిలి తక్కువ. అట్టి మేము పడవ నడపు విద్యనుగూర్చి వ్రాయబూనుట సోదరీమణులకు నవ్వు పుట్టింపవచ్చును. అందులకు కారణమును ముందుగా చెప్పవలసియున్నది.

మూడేండ్ల క్రిందట సద్దుల బతుకమ్మనాడు మా వాడ ఆడువారమందరమును చెరువునకు పోయితిమి. తంగేడు, గునుగు, బంతిపూలతో పేర్చిన బతుకమ్మలు తాంబాళములలో నెత్తిమీద నున్నవి. చప్పట్లతో ఆడి పాడి, ప్రొద్దు క్రుంకువేళ నీటిలో దిగి, పసుపు గౌరమ్మను తీసికొని, ఒక్కొక్క బతుకమ్మను నీటిమీద విడిచితిమి. ఆ పూలమేరు మెల్లగా తిరుగుచు పోవుచుండగా అరచేతులతో నీటిని నెట్టి దానిని దూరముగా పంపుట మా వాడుక. పదేండ్ల మా మనుమరాలు తన చిన్న బతుకమ్మ అందరికంటె దూరము పోవలెనని ఒక్క యడుగు ముందునకు వేసినది. ఎండకాలమున ఎవరో మన్ను త్రవ్వుకొనిపోయిన గుంట అచ్చట నున్నదని మాలో ఎవరికిని తెలియదు. మోకాటిలోతు నీటిలో నున్న పిల్ల రెప్పపాటున కనబడకుండ పోయినది.

మేము అచ్చట ఏబదిమందిమి ఉంటిమి. అందరము కేకలు వేసితిమి. పిల్లతల్లి దుమికెను, ఆమెయు మునుగసాగెను. ఈత వచ్చినవారు ఒక్కరును లేరు. కట్టమీద గొర్రెలు తోలుకొని పోవుచున్న కాపరి యొకడు పరుగున వచ్చి, నీటిలో దిగక, ఒడ్డున బోరగిల పరుండి, తన కాళ్లను పట్టుకొండని మాతో చెప్పి, పొడవైన తన కర్రను చాచెను. తల్లి ఒక చేత కర్రను, ఒక చేత బిడ్డ జడను పట్టుకొనెను. ఇద్దరును బ్రతికిరి. కాని ఏబదిమంది పెద్దవారము చేతులు చాచి నిలిచి, ఏమి చేయవలయునో యెరుగక పోయితిమే యను సిగ్గు మమ్ము నేటికిని విడువలేదు.

ఆ దినము మొదలు మా మనుమరాలు చెరువు పేరెత్తనీయదు. తలంటునాడు తలమీద చెంబెడు నీరు పోసిన చాలును, గోడ పట్టుకొని ఏడ్చును. మరుసటి యేట బతుకమ్మకు వాకిటిలో ఆడి ఇంటిలోనే యుండిపోయినది. "పోనిండు, ఆడపిల్ల నీటి దగ్గరకు పోకుండుటయే మేలు" అని ఇరుగుపొరుగువారనిరి. మా చిన్నతనమునను ఇదే మాట వింటిమి. అన్నలకును తమ్ములకును ఎండిన సొరకాయ బుర్రలో, మునగ బెండ్లో వీపునకు కట్టి దిగుడుబావిలో ఈత నేర్పినారు. మేము గట్టుమీద వారి బట్టలకు కాపలా యుంటిమి. నీటికి దూరముగా పెంచిన మమ్ము పండుగనాడు నీటిలో నిలిపినారు. కష్టము వచ్చినవేళ మా చేతులలో ఏమియు లేకపోయినది.

ఇట్లుండగా న్యూజిలాండు దేశమున ఆక్లాండు పట్టణమున నుండు మా అన్నగారి కోడలు ఒక ఉత్తరము వ్రాసినది. ఆమె వయస్సు నలుబది దాటినది. ఇద్దరు బిడ్డల తల్లి. అచ్చటి స్త్రీలతో గూడి వారమునకు రెండు మారులు సముద్రపు పాయలో పడవ నడపుచున్నదట. ఆ పడవను అచ్చటి మావోరీ జనులు 'వాకా ఆమా' యందురు. వాకా యనగా పడవ. ఆమా యనగా దానికి ప్రక్కన తేలుచుండు దుంగ. పడవ 40 అడుగులకు పైబడి పొడవుండును గాని వెడల్పు 2 అడుగులైనను ఉండదు. అంత సన్నని పడవ నీటిలో ఒంటరిగా నిలువజాలదు. అందుచేత ఎడమవైపున కొంత యెడముగా ఒక సన్నని దుంగను, రెండు అడ్డుకర్రలతో పడవకు బిగించి కట్టుదురు. ఆ దుంగ నీటిమీద ఆని పడవను బోర్లపడకుండ కాపాడును. ఈ ఉత్తరమును చదువుచుండగా మా వదినెగారు, "ఆమా యట! ప్రక్కన నిలిచి పడకుండ చూచునది అమ్మ గాక మరెవ్వరు?" అని నవ్వినది. భాషలు వేరైనను మాట బాగుగ కుదిరినదని మేమును నవ్వితిమి.

పడవలో ఆర్గురు ఒకరి వెనుక నొకరు కూర్చుందురు. మొదటియామె తెడ్డువేతకు తాళము నిర్ణయించును. ఆమెకు ముందు ఎవ్వరును లేరు గనుక కెరటములను చూచి వేగమును తానే యెంచుకొనవలయును. రెండవ యామె ఎదుటి ప్రక్కన అదే తాళమును అనుసరించును. ఒకటవ, మూడవ, అయిదవ వారొక ప్రక్క, రెండవ, నాలుగవ వారింకొక ప్రక్క తెడ్లు వేయుదురు. పది పదునారు వేతలకొకమారు మూడవ యామె కేక వేయును; అందరును ఒక్కసారిగా ప్రక్కలు మార్చుకొందురు. నాలుగవ, అయిదవ వారు బలమునకు ముఖ్యులు. పడవలోనికి వచ్చిన నీటిని తోడిపోయుటయు, ప్రక్కదుంగ పైకి లేవకుండ కనిపెట్టుటయు వారి పని. ఆరవ యామె అమరమున, అనగా పడవ తోకయందు కూర్చుండి, దారి నడపును. ఆ పడవకు చుక్కాని లేదు. ఆరవ యామె తెడ్డే చుక్కాని.

తెడ్డు వేయుటలో కోడలు తెలిపిన మర్మములు మాకు మిక్కిలి నచ్చినవి. తెడ్డును చేతులతో గాక నడుముతో వేయవలయునట. నడుము త్రిప్పి ముందునకు వంగి, తెడ్డు రెక్కను సాధ్యమైనంత ముందు నీటిలో దించవలయును. రెక్క మొత్తము మునుగువరకు బలము చూపరాదు. సగము మునిగినప్పుడే లాగినచో చప్పుడును తుంపరలును మిగులునే గాని పడవ కదలదు. రెక్క మునిగిన పిదప తెడ్డు నీటిలో నాటబడినదనియు, పడవయే దాని దగ్గరకు పోవుచున్నదనియు భావించి లాగవలయును. తుంటి దగ్గరకు రాగానే పైకి తీయవలయును. తుంటి దాటించినచో తెడ్డు నీటిని పైకెత్తి పడవను క్రిందికి అణచును. ఆర్గురి తెడ్లును ఒకే క్షణమున మునిగి ఒకే క్షణమున లేవవలయును. ఒక్కతె యెక్కువ బలము గలదని ముందుగా లాగినచో ఆ బలము వృథాయే గాక తక్కిన అయిదుగురికి అడ్డము.

దారి నడపు నామె పని ఇంకను సూక్ష్మము. తెడ్డును ఎడమ ప్రక్కను నిలువుగా పడవకు ఆనించి రెక్కను వెలికి నెట్టినచో పడవ ముక్కు ఎడమకు తిరుగును. అదే ప్రక్కను నీటిని పడవ దగ్గరకు లాగినచో ముక్కు కుడికి తిరుగును. అయితే తెడ్డును ఊరక నీటిలో అడ్డముగా ఉంచినచో అది పడవకు కళ్లెమగును. కనుక అవసరమున్నప్పుడే, పడవ దారి తప్పుటకు ముందే, కొంచెముగా దిద్ది, మిగిలిన వేళ తానును అందరితో పాటు తెడ్డు వేయవలయును. 'బాగుగా త్రోవ తప్పిన పిదప దిద్దబోయినచో అయిదుగురి కష్టమును నేనొక్కతెను మ్రింగినట్లగును' అని కోడలు వ్రాసినది. ఇక పడవ బోర్లపడుటయు కలదు. హవాయి ద్వీపములవారు దానిని 'హూలి' యందురు. నేర్పువారు పడవను మొదటనే కావలెనని బోర్లవేసి అభ్యాసము చేయింతురట. నీటిలో పడగానే మొదటి పని తలలు లెక్కించుట. ఆర్గురును కనబడిన పిదపనే తెడ్లు, పడవ.

ఈ పడవల వెనుక గొప్ప చరిత్ర కలదు. పసిఫిక్ మహాసముద్రమున వేలమైళ్ల దూరమున చెదరియున్న ద్వీపములకు ప్రాచీనులు ప్రక్కదుంగ పడవలమీదను, రెండు పడవలను జతచేసిన జంటపడవలమీదను పోయి కాపురములుండిరి. నక్షత్రములు, కెరటములు, పక్షులు వారికి దిక్కు తెలిపినవి. అది సాధ్యమేనా యని సందేహించినవారికి సమాధానముగ 1976లో 'హోకులేయా' యను జంటపడవ దిక్సూచి లేకయే హవాయి నుండి తాహితి ద్వీపమునకు చేరినది. హవాయిలో మొలొకాయి, ఓహు ద్వీపముల నడుమ సుమారు 40 మైళ్ల సముద్రమును దాటు పందెము 1952లో పురుషులకు ఏర్పడగా, స్త్రీలకు 1979 వరకు ఏర్పడలేదు. మన తెలుగువారికిని ఆ సముద్రము పరాయిది కాదు. 1903 మొదలు మద్రాసు రేవున ఓడలెక్కి చెరకు తోటలలో కూలికై ఫిజీ ద్వీపములకు పోయినవారిలో తెలుగు ఆడువారును ఉండిరి. ప్రక్కదుంగ పడవలను కన్నులార చూచిన మొదటి తెలుగు గృహిణులలో వారును చేరియుందురు.

ఈ ఉత్తరమును అరుగుమీద కూర్చుండి పైకి చదువుచుంటిమి. తలుపు చాటున మనుమరాలు వినుచున్నదని మేమెరుగము. కొంతసేపటికి బయటికి వచ్చి, "నాయనమ్మా! మునిగిపోతే ఎట్లా లేవాలో కూడా నేర్పుతారా?" అని అడిగినది. రెండేండ్లలో ఆ పిల్ల తనంతట తాను నీటినిగూర్చి మాటలాడుట అదియే మొదలు. ప్రక్కదుంగ పడవలు మన తెలుగు తీరమున సామాన్యముగా కానరావు. 1920లో హిందూదేశపు పడవలనుగూర్చి వ్రాసిన జేమ్సు హార్నెలు అను చేపల శాఖాధికారి, వానిని ముఖ్యముగా సింహళమునకును దక్షిణ తమిళ తీరమునకును చెందినవిగా వర్ణించెను. అయినను తెడ్డు పట్టు విద్య మనకును కలదు గదా! మా యింటిముందు బాట నేరుగా కృష్ణకే పోవుచున్నది. మార్గశిరమున ఒకనాడు మా వారు, వదినెగారు, కోడలు, మనుమరాలు, మేము తెల్లవారకముందే బయలుదేరితిమి.

కందుకూరు నుండి శ్రీశైలము 170 కిలోమీటర్లకు పైబడిన దూరము. కడ్తాలు, ఆమనగల్లు దాటి, డిండి జలాశయమును చూచుచు పోయి, మన్ననూరు దగ్గర నల్లమల అడవిలో ప్రవేశించితిమి. పులులకు రక్షిత స్థలమగుటచే రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు ఈ బాటలో బండ్లను పోనీయరు. అడవి చొచ్చిన పిదప ఊళ్ల పేర్లు మారినవి: వటువర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట. పెంట యనగా చెంచుల చిన్నపల్లె. దోమలును ఈగలును అచ్చట ఎంతగా బాధించెనో గాని ఆ పేర్లు విని మనుమరాలు చాలసేపు నవ్వినది. బాట మెలికలు తిరుగుచు లోయలోనికి దిగగా, నల్లని కొండల నడుమ ఆనకట్ట కనబడినది. 1960లో మొదలై ఇరువది యేండ్లకు పైగా సాగిన పని యది. నీరు నిండినప్పుడు దాని మట్టము సముద్రమట్టమునకు 885 అడుగుల ఎత్తున నుండును. దానివలన వెలుగును పంటయు వచ్చిన మాట నిజమే. ఆ నీటిక్రింద ఎన్నియో పల్లెలు మునిగిన మాటయు నిజమే. సప్తనదీ సంగమమున నున్న సంగమేశ్వరుని గుడి నేటికిని ఎండకాలమున నీరు తగ్గినప్పుడే బయటపడి, వానకాలమున మరల మునిగిపోవును.

మల్లికార్జునుని, భ్రమరాంబను సేవించి, మరునాటి యుదయమున పాతాళగంగకు దిగితిమి. రేవున యాత్రికులతో మరపడవలు కిక్కిరిసియున్నవి. మాకు కావలసినవి అవి కావు. కొంత దూరము పోగా గాలి తగులని ఒక మూల నీటిమీద నల్లని బుట్టలు బోర్లించినట్లున్న పుట్టులు కనబడినవి. వాని దగ్గర గుడిసెలు, ఎండబెట్టిన వలలు. అచ్చటి జాలరి కుటుంబములు ఉత్తరాంధ్ర సముద్రతీరము నుండి బ్రతుకుదెరువునకై వచ్చి, కృష్ణ నిలువనీటిలో చేపలు పట్టుచున్నవారు. ఒక యిల్లాలు పుట్టిలో కూర్చుండి తెడ్డు వేయుచుండగా, ఆమె భర్త వెనుక నిలిచి వలను వదలుచుండెను. వారు ఒడ్డునకు వచ్చిన పిదప మా వదినెగారు వారిని పలుకరించి వచ్చిన పని చెప్పెను. "నేర్చుకోడానికా, అమ్మగోరూ? అంత దూరం నుంచి?" అని ఆ యిల్లాలు మా ముఖములను చూచి నవ్వెను. అయినను పాపను చూచి, జరిగిన సంగతి విని, నవ్వు మానినది. "మా పెద్దోడు నడక రాకముందే నీళ్లల్లో పడ్డాడమ్మా. అప్పటినుంచి మా పిల్లలకి నడక కంటే ముందు ఈతే" అని, పుట్టిని నీటి యంచునకు లాగినది.

పుట్టి యనగా వెదురుబద్దలతో అల్లిన పెద్ద గుండ్రని బుట్ట. పూర్వము దానికి పచ్చితోలు కప్పుచుండిరి. నేడు గట్టి గుడ్డయో ప్లాస్టిక్కు పట్టాయో చుట్టి తారు పూయుదురు. కొన్ని తావుల దీనిని అరిగోలనియు అందురు. చేపలు పట్టువారి పుట్టి ఇద్దరు ముగ్గురకు సరిపోవును. ఒక్క మనిషి వీపుమీద తాబేటి డిప్పవలె మోసికొని పోవచ్చును. దానికి ముక్కు లేదు, తోక లేదు, అడుగున వెన్నుకర్ర లేదు. అందుచేత జానెడు నీటిలోను తేలును, రాతికి తగిలినను పగులక ప్రక్కకు జారును. అందుచేతనే దానిని తిన్నగా నడపుట కష్టము. గాలి యెటు వీచిన అటు పోవును. తెడ్డు ఒక ప్రక్కనే వేసినచో తిరుగలివలె ఉన్నచోటనే తిరుగును.

"దీన్ని తోస్తే పోదమ్మా, లాగితే వస్తాది" అని ఆ యిల్లాలు చెప్పిన మాటలోనే విద్య యంతయు ఉన్నది. పొడవైన పడవలో తెడ్డును ప్రక్కగా వేసి నీటిని వెనుకకు నెట్టుదురు. పుట్టిలో అట్లు కాదు. పోవలసిన దిక్కున అంచు దగ్గర మోకాళ్లూని కూర్చుండి, తెడ్డును ఎదురుగా చాచి ముంచి, నీటిని తన యొడిలోనికి లాగుకొనవలయును. ఒకమారు కొంచెము కుడిగా, ఒకమారు కొంచెము ఎడమగా లాగినచో తిరుగుడు తీరి పుట్టి తిన్నగా సాగును. చేయి తిరిగినవారు తెడ్డును నీటినుండి తీయనే తీయరు. 8 అంకెను పరుండబెట్టినట్లు కుడినుండి ఎడమకు, ఎడమనుండి కుడికి రెక్కను ఏటవాలుగా త్రిప్పుచునే యుందురు. మా వదినెగారు కొంతసేపు చూచి, "ఇది మన అంబలి కలిపినట్లే యున్నది గదా!" యనెను. నిజమే. వంటయింట అంబలి కలుపునది తెడ్డే, నదిలో పడవ నడపునదియు తెడ్డే. మన భాషలో రెంటికి ఒకే పేరుండగా, ఒకదానిని జన్మమంతయు పట్టి రెండవదానిని తాకనైన తాకకుంటిమని ఆనాడు మాకు తోచినది.

బరువును సరిదిద్దుటయు ఆమె చూపినది. పుట్టిలో ఎవ్వరును నిలువరాదు, అంచుమీద కూర్చుండరాదు. తెడ్డు వేయువారు ముందుంటే, కూడ వచ్చువారు నడుమ కొంచెము వెనుకకు, అడుగునకు ఆని కూర్చుండవలయును. ఒక ప్రక్క చేప పడినదని అందరును ఆ ప్రక్కకే వంగినచో పుట్టి నీరు త్రాగును. ప్రవాహమున్నచోట ఎదుటి రేవునకు తిన్నగా గురిపెట్టరాదు. ముందుగా గట్టు వెంబడి ఎగువకు పోయి, అచ్చటినుండి ఏటవాలుగా దాటుచు, నది తన్ను దిగువకు ఎంత త్రోయునో లెక్కించుకొని, కోరిన రేవున చేరవలయును. "నదితో పంతం పెట్టుకోకూడదమ్మా. అది మోసినంత మోయనిచ్చి, మిగిలినదానికే తెడ్డెయ్యాలి" అనెను.

ఆమె పుట్టినింటివారు సముద్రమున తెప్పలు నడపినవారు. తెప్ప యనగా తేలికయైన దుంగలను ప్రక్కప్రక్కన చేర్చి త్రాళ్లతో కట్టినది. సముద్రమునుండి వచ్చిన పిదప కట్లు విప్పి దుంగలను ఇసుకలో ఆరవేయుదురు. లేనిచో అవి నీరు పీల్చి బరువెక్కును. ఒడ్డున విరుగు కెరటములను దాటుటయే తెప్పవారికి పరీక్ష. తొందరపడక నిలిచి కెరటముల వరుసను చూచి, పెద్దవి పోయి చిన్నవి వచ్చు సందున దిగి, తెప్ప ముక్కును కెరటమునకు ఎదురుగా నిలిపి, బలమంతయు చూపి తెడ్లు వేయుదురు. ప్రక్క చూపినచో కెరటము దొర్లించివేయును. లోతునకు పోయి తెరచాప యెత్తిన పిదప వెనుకనున్నవాని తెడ్డే చుక్కాని. ఆక్లాండు కోడలు వ్రాసిన ఆరవ యామె పనియు, ఈమె తండ్రి చేసిన పనియు ఒక్కటే. వేలమైళ్ల యెడమున నీరు ఇద్దరికిని ఒకే పాఠము చెప్పినది.

జంటపడవయు మనకు క్రొత్త కాదు. కొల్లేటి ప్రాంతమున తాటిమ్రాను దొలిచిన దోనెలు వాడుకలో నుండినవి. ఒంటి తాటిదోనె సన్ననిది, సులభముగా ఒరిగిపోవును. అందుచేత రెండింటిని ప్రక్కప్రక్కన చేర్చి కట్టుదురు. అట్టి జతకు సంగడి, సంగడము అని మన పాత మాట. స్నేహితుని సంగడికాడనుటయు ఆ మాటతోడిదే. రమారమి 1900 ఏండ్లకు పూర్వము గ్రీకు నావికుడొకడు వ్రాసిన గ్రంథమున తూర్పుతీరపు పడవలకు 'సంగర' అను పేరు కానవచ్చుచున్నది. అది మన సంగడమే యని కొందరు పండితులు తలంతురు. శాతవాహనుల నాణెములమీద రెండు స్తంభముల ఓడబొమ్మ నేటికిని చూడవచ్చును. సన్నని దోనెకు తోడు కావలెనని పసిఫిక్కువారు దుంగను కట్టినారు, మనవారు ఇంకొక దోనెను కట్టినారు.

ఎండ పైకి వచ్చినది. మనుమరాలు అంతవరకు గట్టుమీద తల్లి కొంగు పట్టుకొని నిలిచియుండెను. ఎవ్వరును ఎక్కుమని అడుగలేదు. అడుగరాదని మేము ముందే అనుకొంటిమి. ఆ యిల్లాలు పుట్టిని త్రాటితో గట్టునగల రాతికి కట్టి, "పాపా, ఇది ఎక్కడికీ పోదు. తాడు నీ చేత్తో లాగి చూడు" అనెను. పిల్ల త్రాటిని రెండు మూడు మార్లు లాగి చూచినది. మా వారు రేవునుండి తెచ్చిన తేలెడు కవచమును తొడిగి, పట్టీలు బిగించి, తాను ముందుగా నడుములోతు నీటిలో దిగి పుట్టి ప్రక్కన నిలిచిరి. పిల్ల ఎక్కినది. కూర్చుండగానే పుట్టి ఊగినది. ఆ పిల్ల కండ్లు మూసికొని అంచు పట్టుకొనినది. మాకు గుండె నోటికి వచ్చినది. దింపుడని కోడలు అనబోవుచుండగా, ఆ యిల్లాలు తొందరపడక, తెడ్డు పిడిని పిల్ల చేతిలో నుంచి, "ఊపు ఆగేదాకా ఆగు. పడవ ఊగితే మనం ఊగకూడదు" అనెను.

కొంతసేపటికి కండ్లు తెరచి తెడ్డును నీటిమీద కొట్టినది. నీరు చిమ్మి ముఖమున పడినది. రెండేండ్లుగా తలమీద చెంబెడు నీరు పోయనీయని పిల్ల! ఏడ్చుననుకొంటిమి. ముఖము తుడుచుకొని మరల కొట్టినది. "నీళ్లని కొట్టకు పాపా, పట్టుకో" అని ఆ యిల్లాలు ఆమె చేతిమీద తన చేతిని వేసి ముంచి లాగించెను. పుట్టి ఒకమారు గిరగిర తిరిగినది. మరల లాగగా ఎదురు తిరిగినది. నాలుగవమారో అయిదవమారో జానెడు ముందునకు సాగినది. "నాయనమ్మా! నేను లాగితే నీళ్లు వచ్చినయి!" అని కేక వేసినది. వచ్చినవి నీరు కాదు, తానే పోయినదని దిద్దుటకు మాకు నోరాడలేదు. కోడలు గట్టుమీద ముఖము త్రిప్పుకొనెను. తరువాత త్రాటిని పొడవుగా వదలి, ఇల్లాలు వెనుక కూర్చుండగా, ఆ పిల్ల ఆ మూల నీటిలో రెండు చుట్లు తిరిగివచ్చినది. మా వదినెగారును ఎక్కిరి. మేమును ఎక్కితిమి. మేము తెడ్డు పట్టినంతసేపును పుట్టి తిరుగలిగానే తిరిగినది. అందులకు అందరును నవ్విరి.

ఒక హెచ్చరిక చెప్పక విడువరాదు. మేము చేసినది గాలిలేని నిలువనీటిలో, త్రాటితో కట్టిన పుట్టిలో, ఎరిగినవారు ప్రక్కనుండగా, తేలెడు కవచము తొడిగి చేసినది. వేడుకకై యెక్కడబడిన అక్కడ ఎక్కుట తగదు. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర యాత్రికుల పడవ మునిగి పెక్కు కుటుంబములు దుఃఖపడిన సంగతి మనమందరము ఎరిగినదే. పడవ యెక్కునప్పుడు కవచమును సీటు క్రింద నుంచుకొనుట కాదు, ఒంటికి కట్టుకొనవలయును. చీర కుచ్చిళ్లను పైకి దోపుకొనవలయును. పిల్లలకు తామే కట్టి పట్టీలు లాగి చూడవలయును. నది పొంగియున్నప్పుడు ఎక్కకుండుటయే తెలివి. తెడ్డు విద్య తెలిసినవారే మొదట ఈ మాట చెప్పుదురు.

ఇంటికి వచ్చిన పిదప మా వాడ ఆడువారము కూడి మాటలాడుకొంటిమి. వేసవిలో హైదరాబాదున ఈత నేర్పు కొలనునకు వాడలోని ఆడపిల్లలను ఎనమండ్రను వారము వారము పంపితిమి; తోడు పోయిన తల్లులలో ఇద్దరు తామును దిగి నేర్చుకొనిరి. చెరువు మెట్ల దగ్గర ఒక పొడవైన వెదురుగడను, గాలి నింపిన మోటారు ట్యూబును, దానికి నలుబది మూరల త్రాటిని ఉంచితిమి. బతుకమ్మకు ముందు దినము గొర్రెలకాపరియే వచ్చి గడతో అడుగు వెదకి, గుంటలున్న మేర కొమ్మలు నాటి హద్దు చూపెను. ఎవరైన పడినచో దుమకరాదు, గడ చాచవలయును, లేదా ట్యూబు విసరవలయును, చాచువారు ముందు తాము పరుండవలయును అని చిన్న పిల్లలకు సైతము నేర్పితిమి. ఇందులో మగవారికి మాత్రమే సాధ్యమైనది ఏమియు లేదు.

ఈ యేటి సద్దులనాడు మనుమరాలు మాతో చెరువునకు వచ్చినది. కొమ్మల హద్దునకు ఇవతల, మోకాటిలోతున నిలిచి, తన బతుకమ్మను నీటిమీద విడిచినది. పూర్వమువలె అరచేతులతో నీటిని ముందునకు నెట్టలేదు. ఆ పూలపుట్టి ప్రక్కలకు పోవుచుండగా కొంచెము కుడినుండి, కొంచెము ఎడమనుండి నీటిని కదిలించుచు తిన్నగా సాగనంపినది. ఒడ్డున గడ పట్టుకొని కోడలు నిలిచియుండెను.